రోగి పరామర్శ: దేహానికి పథ్యం, మనసుకు తోడు

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. పరీక్షించేదీ ఆయనే, స్వస్థతను ప్రసాదించేదీ ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతి శుభాలు వర్షించుగాక!

 

ఒక ముస్లింపై మరో ముస్లింకు ఉన్న హక్కులలో రోగి పరామర్శ ఒకటని మనమందరం చిన్ననాటి నుంచీ వింటున్నాం. అరబీలో దీనిని ‘ఇయాదత్’ అంటారు. తిరిగి రావడం, మళ్ళీ మళ్ళీ రావడం అనే అర్థమున్న ధాతువు నుంచి ఈ మాట పుట్టింది. ఏటేటా తిరిగి వస్తుంది కనుకనే పండుగకు ‘ఈద్’ అనే పేరు కూడా ఆ ధాతువు నుంచే వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. ఉర్దూలో రోగికి సేవ చేయడాన్ని ‘తీమార్‌దారీ’ అంటాం. ‘తీమార్’ అనే పారసీ మాటకు శ్రద్ధ అనీ, బాధ అనీ రెండు అర్థాలున్నాయి. అంటే రోగి బాధను తానూ కొంత మోసేవాడే తీమార్‌దార్.

మన ఆచరణ ఈ రెండు మాటలకూ ఎంత దూరంగా ఉన్నదో చూడండి. ఎవరికైనా జబ్బు చేసిందని తెలిస్తే ఒకసారి వెళతాం. నాలుగు పండ్లు ఇస్తాం. సబర్ చేయమంటాం. దుఆ చేసి వచ్చేస్తాం. హక్కు తీరిపోయిందని అనుకుంటాం. జ్వరం వంటి నాలుగు రోజుల జబ్బుకు అది సరిపోవచ్చు. కానీ నేడు మన ఇళ్ళలో ఉన్న జబ్బులు నాలుగు రోజులవి కావు. అవి జీవితాంతం మనిషి వెంట నడిచేవి. అటువంటి రోగికి మనం ఏమి అందించాలన్నదే ఈ శుక్రవారపు ప్రసంగ విషయం.

నా పొరపాటు

ముందుగా నా తప్పు ఒకటి మీ ముందు ఉంచుతాను. ఇతరులకు ఉపదేశించే ముందు ఇమాము తన లెక్క తాను చూసుకోవాలి కదా!

కొన్నేళ్ళ క్రితం మన జమాఅత్‌కు చెందిన ఒక పెద్దాయనకు కాలికి పుండు పడింది. పదేళ్ళకు పైగా ఆయనకు మధుమేహం. నేను పరామర్శకు వెళ్ళాను. ఇంటివారు తీపి టీ ఇచ్చారు. ఆయనా నేనూ కలిసి తాగాం. “సబర్ చేయండి చాచా, అంతా అల్లాహ్ తరఫు నుంచే” అన్నాను. దుఆ చేసి పది నిమిషాలలో లేచి వచ్చాను. మందులు వేసుకుంటున్నారా అని అడగలేదు. పుండును ఎవరికైనా చూపించారా అని అడగలేదు. ఎవరో చెప్పిన మాట విని, కలోంజీ ఒక్కటే చాలునన్న నమ్మకంతో ఆయన మాత్రలు మానేసి అప్పటికి మూడు నెలలైందని నాకు తర్వాత తెలిసింది. పుండు ముదిరింది. మోకాలి కింది భాగాన్ని తొలగించక తప్పలేదు.

ఆ తర్వాత ఆయన మస్జిదుకు రావడం మానేశారు. నడవలేక రావడం లేదని అనుకున్నాను. అప్పుడే ఒక జుమాలో అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందడం ఎంత ఘోరమో చెబుతూ, నిరాశకు లోనయ్యేవాడి ఈమాన్ బలహీనమని గట్టిగా మాట్లాడాను. మస్జిదు మైకు ఆ వీధి వరకూ వినిపిస్తుంది. వారం తర్వాత చాచీ మా ఇంటికి వచ్చి నా భార్యతో చెప్పుకుని ఏడ్చారు. ఆయన రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటున్నారట. అన్నం సహించడం లేదట. రాత్రి నిద్ర లేదట. “హజ్రత్ చెప్పింది విన్నావా? నా కాలూ పోయింది, నా ఈమానూ పోయింది” అన్నారట.

సోదరులారా! ఓదార్చవలసిన నోటితోనే నేను ఆయనను గాయపరిచాను. అల్లాహ్ నన్ను క్షమించుగాక! ఆ రోజు నుంచి ఈ విషయమై ధర్మం ఏమి చెబుతున్నదో మళ్ళీ విద్యార్థిలా చదవడం మొదలుపెట్టాను. వైద్యులను అడిగి తెలుసుకున్నాను. ఆ సారాంశాన్నే మీకు వినిపిస్తున్నాను.

మన డెల్టాలో మారిన జబ్బులు

మన పెద్దల కాలంలో కలరా, మశూచి, మలేరియా ప్రాణాలు తీసేవి. నేటి పరిస్థితి వేరు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, దాదాపు 1,80,000 మంది జనాభాలో, ఒక ఏడాది కాలంలో సంభవించిన 1,354 మరణాలకు కారణాలేమిటో వైద్య పరిశోధకులు ఇంటింటా విచారించారు. సుమారు మూడోవంతు మరణాలకు గుండె జబ్బులు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యాధులే కారణమని తేలింది. అంటువ్యాధుల వాటా దాదాపు ఎనిమిదింట ఒక వంతే. ఆ పరిశోధనలోనే భాగంగా 20 గ్రామాలలో 30 ఏళ్ళు దాటినవారిని పరీక్షించగా నూటికి 13 మందిలో మధుమేహం కనిపించింది. పల్లెల్లో పొలం పనులు చేసుకునేవారికి ఈ జబ్బులు రావన్న నమ్మకం అక్కడితో చెదిరిపోయింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత ఈ నేల వరికి పుట్టిల్లయింది. అది అల్లాహ్ ప్రసాదించిన వరం. అయితే మూడు పూటలా పళ్ళెం నిండా తెల్లన్నం, పక్కన ఆవకాయ, ఉప్పుచేప. పెళ్ళిళ్ళలో, దావత్‌లలో బిర్యానీ, మిఠాయి. పూర్వం నడిచి వెళ్ళిన రేవుకు నేడు మోటారు సైకిలు మీద ప్రయాణం. ఇక మన నరసాపురం ప్రాంతపు స్త్రీలలో ఎందరో లేసు అల్లుతూ గంటల తరబడి ఒకేచోట కూర్చుంటారు. ఆ అల్లిక వారి ఇంటికి ఆధారమే. కానీ కదలిక లేని దేహం దానికి మూల్యం చెల్లిస్తుంది.

వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు

పల్లెవాసులు కొందరు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తాము వైద్యం చేయించుకోవచ్చునా అని అడిగినప్పుడు, చేయించుకోవాలనే వారు ఆదేశించారు. వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ నివారణను సృష్టించాడని వివరించారు. కాబట్టి మాత్ర వేసుకునేవాడు సున్నత్‌కు దూరం కాలేదు. కలోంజీ, తేనె శుభప్రదమైనవే, వాటిని తీసుకోండి. కానీ వాటి పేరు చెప్పి వైద్యుడు ఇచ్చిన మాత్రను మానేయడం ఆ శుభాన్ని అపార్థం చేసుకోవడమే.

తెలియకుండా సలహా ఇవ్వడం ఎంతటి ప్రమాదమో ఒక హదీసు హెచ్చరిస్తున్నది. ఒక ప్రయాణంలో ఒకరికి తలకు గాయమైంది. స్నానం ఆయనపై విధి అయినప్పుడు, తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని సహచరులను అడిగాడు. నీళ్ళు ఉండగా నీకు ఆ సడలింపు లేదన్నారు వాళ్ళు. ఆయన స్నానం చేసి మరణించాడు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవడమే అజ్ఞానానికి మందని ప్రబోధించారు. ఆ సలహా ఇచ్చినవారు ధర్మం పేరుతోనే ఇచ్చారన్నది గమనించండి. కాబట్టి రోగి మంచం పక్కన కూర్చుని ఈ మందు మానెయ్, ఆ ఆకు తిను అని చెప్పే ముందు ప్రతి ఒక్కరూ ఈ సంఘటనను గుర్తు చేసుకోవాలి.

దేహమూ మనసూ ఒకే ఇంటివి

మన యునానీ వైద్యశాస్త్రంలో ‘అస్‌బాబె సిత్తా జరూరియా’ అనే అధ్యాయం ఉంది. మనిషి బ్రతికి ఉన్నంతకాలం ఆరోగ్యాన్ని నిర్ణయించే ఆరు తప్పనిసరి కారణాలని దాని అర్థం. మొదటిది గాలి. రెండవది ఆహారపానీయాలు. మూడవది దేహపు కదలిక, విశ్రాంతి. నాలుగవది మనసు కదలిక, విశ్రాంతి. ఐదవది నిద్ర, మెలకువ. ఆరవది దేహంలో నిలవవలసినవి నిలవడం, విసర్జింపబడవలసినవి విసర్జింపబడటం. నేడు వైద్యులు జీవనశైలి అని చెబుతున్నది దాదాపు ఇదే. ఇబ్నె సీనా (980-1037) వంటి మహా వైద్యులు ఔషధాలతోపాటు వీటిని కూడా సవరించాలని బోధించారు. ఆ ఆరింటిలో మనసుకు కూడా స్థానం ఉన్నదన్నది మరువరాదు.

ఇబ్నె సీనా కంటే ముందే, బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) ఒక గ్రంథం రాశారు. దాని పేరు ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’. దేహాల మేలు, మనసుల మేలు అని భావం. ఒక భాగం దేహానికి, మరో భాగం మనసుకు కేటాయించారు. దేహం జబ్బుపడితే మనసు కుంగుతుందనీ, మనసు కుంగితే దేహం జబ్బుపడుతుందనీ వివరించారు. దుఃఖాన్ని ఆయన రెండు రకాలుగా విభజించారు. ఆప్తులు పోవడం, నష్టం రావడం వంటి తెలిసిన కారణం వల్ల కలిగేది ఒకటి. ఫలానా కారణమని చెప్పలేనిది, దేహంలోని మార్పుల వల్ల కలిగేది మరొకటి. ఈ రెండోదానికి దేహ వైద్యం కూడా అవసరమన్నారు. వెయ్యేళ్ళకు పూర్వమే ఒక ముస్లిం పండితుడు కుంగుబాటును వైద్యం అవసరమైన స్థితిగా గుర్తిస్తే, నేను మైకు ముందు నిలబడి దానిని ఈమాన్ లోపమన్నాను!

ఇంటివారి బాధ్యత: ఒకే కుండ

మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి వైద్యులు పథ్యం చెబుతారు. మన ఇళ్ళలో ఏమి జరుగుతుంది? అందరికీ బిర్యానీ, ఆయనకు మాత్రం మూలన రెండు పుల్కాలు. రోజూ ఆ దృశ్యం చూసే మనిషి మనసు ఏమవుతుందో ఆలోచించండి. పథ్యం శిక్షలా తోస్తుంది. శిక్షను ఎవరూ ఎక్కువ కాలం ఇష్టంగా భరించరు, చాటుగా తింటారు.

కాబట్టి రోగి ఒక్కడి పళ్ళెం కాదు, ఇంటి కుండ మారాలి. అందరికీ అన్నం కొంత తగ్గించి, ఆకుకూరలు, కూరగాయలు, పప్పు, చేపల పులుసు పెంచండి. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆవకాయ, ఉప్పుచేప ఉన్న పూట ఆ పరిమితి ఎంత తొందరగా దాటిపోతుందో ఇంటి ఇల్లాలికి తెలుసు. కడుపులో ఒక వంతు ఆహారానికి, ఒక వంతు నీటికి, ఒక వంతు శ్వాసకు అన్న ప్రవక్త (స) బోధ రోగులకు మాత్రమే చెప్పినది కాదు. ఇంటి పిల్లలకూ ఇది మేలే. ఎందుకంటే ఈ జబ్బులు తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలని వైద్యులు చెబుతారు. అంటే రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. నడవమని చెప్పి మీరు టీవీ ముందు కూర్చోకండి. అస్ర్ తర్వాత తండ్రి వెంట కొడుకు గోదావరి గట్టు వరకూ నడిస్తే అది వ్యాయామమూ అవుతుంది, తల్లిదండ్రుల సేవా అవుతుంది. లేసు అల్లే సోదరీమణులు గంటకొకసారి లేచి కాసేపు ఇంట్లోనే నడవాలి.

మధుమేహం ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. మేకు గుచ్చుకున్నా తెలియదు. మనకు అల్లాహ్ రోజుకు ఐదు పూటలు పాదాలను చూసుకునే అవకాశమిచ్చాడు. వుజూ చేసేటప్పుడు అరికాలు, వేళ్ళ సందులు చూడండి. చూపు ఆననివారికి మనవడో మనవరాలో చూసి చెప్పాలి. కడిగిన తర్వాత వేళ్ళ మధ్య తడి తుడవండి. పుండుంటే, కట్టుపై మసహ్ చేసే సడలింపు ఉంది. దాని వివరాలు ఇమామును అడగండి. చిన్న గాయమైనా ఆ రోజే వైద్యుడికి చూపించండి. నీటి వేడిని చేత్తో చూశాకే కాలిపై పోసుకోండి.

ఇక సేవ చేసేవారి మాట. రోగి భారమంతా కోడలి మీదో, భార్య మీదో వదిలేసి మగవారు బయట తిరగడం ఇస్లాం సంస్కారం కాదు. బద్ర్ సంగ్రామ సమయంలో హజ్రత్ ఉస్మాన్ (రజి) గారి భార్య, దైవప్రవక్త (స) కుమార్తె అయిన రుఖయ్యా (రజి) జబ్బుతో ఉన్నారు. ఆమె సేవలో ఉండిపొమ్మని ప్రవక్త (స) ఆయనను ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానమైన పుణ్యమూ వాటా కూడా ఆయనకు ఇచ్చారు. భార్య మంచం పక్కన ఉండటం బద్ర్‌తో సమానమైందంటే, తీమార్‌దారీ ఎంత ఘనమైన కార్యమో గ్రహించండి. సేవ చేసేవారు కూడా అలసిపోతారు. వారికి వారంలో ఒక పూటైనా విశ్రాంతి ఇవ్వడం మిగతా కుటుంబ సభ్యుల విధి.

పరామర్శకుడి మర్యాదలు

ఖందఖ్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి) గారి కోసం దైవప్రవక్త (స) మస్జిదులోనే గుడారం వేయించారు. దగ్గర ఉంటే తరచూ చూడవచ్చునన్నది దాని ఉద్దేశం. గాయపడినవారికి చికిత్స చేసే రుఫైదా (రజి) అనే మహిళ ఆయనకు సేవ చేసేవారు. ప్రవక్త (స) ఉదయం అటుగా వెళితే ఎలా ఉన్నావని అడిగేవారు. సాయంత్రం వెళితే మళ్ళీ అడిగేవారు. ఇదీ ఇయాదత్! తన వద్ద పనిచేసే ఒక యూద బాలుడు జబ్బుపడితే వారు స్వయంగా వెళ్ళి తలవద్ద కూర్చున్నారు. కాబట్టి పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ సోదరుల పరామర్శ కూడా మన విధే.

మరో సంఘటన వినండి. జ్వరంతో ఉన్న ఒక ముసలి పల్లెవాసిని ప్రవక్త (స) పరామర్శిస్తూ, భయం లేదనీ, అల్లాహ్ తలిస్తే ఇది పాపాలను కడిగేదవుతుందనీ దీవించారు. ఆయన ఒప్పుకోలేదు. ఇది ముసలివాడిని సమాధికి చేర్చే జ్వరమేనని విసుక్కున్నాడు. సరే, అలాగే కానిమ్మన్నారు ప్రవక్త (స). వాదించలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. విసుగు కూడా జబ్బులో ఒక భాగమని మనం దీని నుంచి నేర్చుకోవచ్చు. రోగి కసురుకుంటే మనం అలిగి రావడం మానేయకూడదు.

కాబట్టి రోగి వద్దకు వెళ్ళినప్పుడు తక్కువ మాట్లాడండి, ఎక్కువ వినండి. ఇదే జబ్బుతో ఫలానావారు పోయారన్న కథలు చెప్పకండి. ఏ పాపం చేశారో అన్న ఊహలు అసలే వద్దు. ఒక ముద్ద తినకపోతే మా మీద ఒట్టేనంటూ తీపి పెట్టకండి. వచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మీకు నేను చేయగలిగిన పని ఏమైనా ఉందా? మందులు తేవడం, ఆసుపత్రిలో చీటీ తీయించడం, ఒక రాత్రి పక్కన ఉండటం, ఇలా ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. ఆ పని చేయడానికి మళ్ళీ వెళ్ళండి.

మనసు కుంగిన రోగికి

దుఃఖపడటం ఈమాన్‌కు విరుద్ధం కాదు. కుమారుడు దూరమైన బాధతో హజ్రత్ యాఖూబ్ (అలై) గారి కన్నులు తెల్లబడిపోయాయని దివ్య ఖుర్ఆన్ యూసుఫ్ సూరా తెలుపుతున్నది. ఆయన ప్రవక్తే! తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు తప్ప, దుఃఖమే లేనట్టు నటించలేదు. హజ్రత్ అయ్యూబ్ (అలై) సహనానికి ఆదర్శం. ఆయన కూడా తనకు కలిగిన బాధను ప్రభువుకు విన్నవించుకున్నారు. దైవప్రవక్త (స) తమ తలనొప్పిని హజ్రత్ ఆయిషా (రజి) గారికి చెప్పుకున్నారు. బాధను చెప్పుకోవడం సబర్‌ను భంగపరచదు. సబర్ అంటే నోరు మూసుకోవడం కాదు; విధిపై నింద వేయకుండా, చేయవలసిన చికిత్సను రోజూ విడవకుండా చేయడం.

దుఃఖంలో ఉన్న ఇంటికి, రోగులకు హజ్రత్ ఆయిషా (రజి) ‘తల్‌బీనా’ అనే జావ కాయించి పెట్టమనేవారు. అది రోగి హృదయానికి ఊరటనిచ్చి దుఃఖాన్ని కొంత తొలగిస్తుందని ప్రవక్త (స) చెప్పగా తాను విన్నట్టు తెలిపారు. దుఃఖితుడికి బోధ కంటే ముందు వేడి జావ గిన్నె అందించిన ధర్మం మనది.

మధుమేహం, గుండె జబ్బు, పక్షవాతం వంటి దీర్ఘవ్యాధులున్నవారిలో కుంగుబాటు ఇతరులలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. రెండు వారాలకు మించి రోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైన పనులపై ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి తప్పడం, నేను అందరికీ భారమన్న మాటలు పదేపదే రావడం దాని గుర్తులు. ఇవి కనిపిస్తే దుఆతో పాటు వైద్యుడి వద్దకు తీసుకెళ్ళాలి. మరణాన్ని కోరుకునే మాటలు వినబడితే, అది పాపమని గద్దించి ఊరుకోకండి. బాధ భరించలేక చావును కోరుకోవద్దని బోధించిన ప్రవక్త (స), బ్రతుకు మేలైనంత కాలం బ్రతికించమని అల్లాహ్‌ను వేడుకోవాలని కూడా నేర్పారు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి; వెంటనే వైద్య సహాయం పొందండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన జిల్లా ఇచ్చిన సాక్ష్యం

ఇది జరిగే పనేనా అని ఎవరికైనా సందేహం రావచ్చు. మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే జరిగింది. గత దశాబ్దంలో ఇక్కడి గ్రామాలలో ఆశా కార్యకర్తలకు మానసిక సమస్యలను గుర్తించే శిక్షణ ఇచ్చారు. వారు టాబ్లెట్ పరికరం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి నిద్ర, దిగులు, ఆందోళన గురించి అడిగారు. అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడి వద్దకు పంపారు. తర్వాత మళ్ళీ వెళ్ళి, మందులు వాడుతున్నారా, ఎలా ఉన్నారని విచారించారు. మానసిక వ్యాధి సిగ్గుపడవలసినది కాదని ఊరూరా ప్రచారం చేశారు.

30 గిరిజన గ్రామాలలో సుమారు 5,000 మందిని అడిగితే 238 మందికి అటువంటి సమస్య ఉండవచ్చని తేలింది. వారిలో అంతకుముందు వైద్య సహాయం పొందినవారు ఇద్దరే. ఆ తర్వాత 30 మంది పొందారు. తక్కువేనని అనిపించవచ్చు. కానీ ఇద్దరి నుంచి ముప్పై మందికి చేరడానికి అక్కడ కొత్త ఆసుపత్రి కట్టలేదు. ఇంటికి వెళ్ళి అడిగే మనిషి ఉండటం, ఆ మనిషి మళ్ళీ రావడం, సిగ్గు తగ్గించే మాట వినిపించడం. ముఖ్యంగా ఇవే తోడ్పడ్డాయి. ఈ పద్ధతిని తర్వాత మన జిల్లాతోపాటు హర్యానాలోనూ పెద్ద ఎత్తున పరీక్షించగా, రోగులలో కుంగుబాటు తగ్గినట్టు 2024లో ప్రచురితమైంది. మనం ఇయాదత్ అని పిలుచుకునే పనిని ఆ ఆశా సోదరీమణులు చేసి చూపించారు.

రమజాను, రోగి

ఉపవాసం విషయంలో రోగికి సడలింపు ఇచ్చినవాడు అల్లాహ్. ఆయన ఇచ్చిన సౌలభ్యాన్ని తిరస్కరించడం భక్తి కాదు. మధుమేహం ఉన్నవారు రమజానుకు ఒకటి రెండు నెలల ముందే వైద్యుడిని కలవాలి. ఉపవాసం పాటించవచ్చునా, మందుల వేళలు ఎలా మార్చాలి అన్నది అడగాలి. మాత్రల, ఇన్సులిను మోతాదు సొంతంగా మార్చరాదు. వేలికి సూది గుచ్చి చక్కెర పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు తెలిపారు. రక్తంలో చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా, చెమటలు పట్టి వణుకు, మగత వచ్చినా వెంటనే రోజా విరమించాలి. కోలుకునే ఆశ ఉన్నవారు తర్వాత ఖజా చేస్తారు. లేనివారు ఫిదియా ఇస్తారు. అల్లాహ్ వద్ద వారికి తక్కువేమీ లేదు.

మళ్ళీ వెళ్ళాక

ఇక ఆ పెద్దాయన సంగతి. నేను మళ్ళీ వెళ్ళాను. ఈసారి బయాన్ చేయలేదు. మైకులో మాట్లాడినదానికి క్షమాపణ అడిగాను. ఆయన ఏమీ అనలేదు. తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాను, ఆ తర్వాతి వారం కూడా. నాలుగో వారం ఆయనే అడిగారు: “హజ్రత్, కూర్చుని చదివితే నమాజు పుణ్యం సగమే అంటారు కదా. ఇక నాది జీవితాంతం సగమేనా?”

సోదరులారా, ఇన్నాళ్ళూ ఆయనను నమిలేస్తున్న బాధ అది! ఆ సగం మాట, శక్తి ఉండి కూడా నఫిల్ నమాజు కూర్చుని చదివేవారికి వర్తిస్తుందనీ, నిలబడలేనివారు కూర్చుని, అదీ చేతకానివారు పక్కకు పడుకుని చదవమని ప్రవక్త (స) స్వయంగా ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారికి చెప్పారనీ వివరించాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన ఆరాధనల పుణ్యమంతా జబ్బుపడినవాడికి యథాతథంగా రాయబడుతుందన్న శుభవార్త వినిపించాను. ఆయన చాలాసేపు ఏడ్చారు. ఆ నెలలోనే కొడుకు ఆయనను వైద్యుడి వద్దకు తీసుకెళ్ళాడు. చక్కెరకూ, కుంగుబాటుకూ మందులు మొదలయ్యాయి. కోడలు ఇంటి వంట మార్చింది. మస్జిదులో సఫ్ చివర కుర్చీ వేశాం. అల్లాహ్ దయతో ఆయన ఆ తర్వాత ఆరేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని జుమా చదివారు. ఆయనను అల్లాహ్ మన్నించుగాక!

ఒక్క ప్రశ్న నన్ను నేటికీ వదలదు. మొదటి రోజే మందుల గురించి అడిగి, మూడో రోజు మళ్ళీ వెళ్ళి ఉంటే ఆ కాలు దక్కేదేమో! సర్వం అల్లాహ్ అధీనమే. అయినా నా వంతు పని నేను చేయలేదు.

జమాఅత్‌కు విజ్ఞప్తి

ప్రతి మస్జిదులోనూ దీర్ఘవ్యాధులతో ఇంటిపట్టున ఉన్నవారి పేర్లు ఇమాముకు తెలిసి ఉండాలి. వారి పరువుకు భంగం కలగకుండా, ఒక్కొక్కరికి ఇద్దరు చొప్పున బాధ్యత తీసుకుని వారానికొకసారి వెళ్ళి రండి. స్తీల వద్దకు స్త్రీలు వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులవారికి, కాలు లేనివారికి కుర్చీలు ఉంచండి. ఎండాకాలంలో వుజూఖానా నుంచి లోపలి వరకు చాప పరవండి. స్పర్శ లేని పాదాలకు కాలిన సంగతి కూడా తెలియదు. అర్హులైన పేద రోగుల మందులకు, పరీక్షలకు జకాత్ సొమ్ము అందేలా చూడండి. షాబాను మాసంలో ఒక వైద్యుడిని పిలిచి రమజాను జాగ్రత్తలు చెప్పించండి. దావత్‌లలో తీపి లేని టీ, కూరగాయల వంటకం కూడా పెట్టించండి. ఖతీబు సోదరులారా! మైకు ముందు మాట్లాడేటప్పుడు, మంచం మీద పడుకుని వింటున్న మనిషి ఒకరు ఉంటారని గుర్తుంచుకోండి.

ఈ రోజు ఈ పుస్తకం మూసిన తర్వాత, మీరు ఒక్కసారి వెళ్ళి వచ్చి మరచిపోయిన రోగి ఎవరో గుర్తు చేసుకోండి. వారి ఇంటికి మళ్ళీ వెళ్ళండి.

ఓ అల్లాహ్! మా రోగులకు సంపూర్ణ స్వస్థతను ప్రసాదించు. వారి మనసులకు ప్రశాంతతను, వారికి సేవ చేసేవారికి ఓర్పును, పుణ్యాన్ని ప్రసాదించు. మా నోటి మాట ఏ గాయపడిన హృదయాన్నీ మళ్ళీ గాయపరచకుండా కాపాడు. తెలియనిది అడిగి తెలుసుకునే వినయాన్ని, తెలిసినదాన్ని ఆచరించే శక్తిని మాకు అనుగ్రహించు. ఆమీన్.